కొనుట, వాడుట, విడుచుట

కర్మ మూడు విధములని పెద్దలు చెప్పుదురు. మనస్సుతో చేయునది, వాక్కుతో చేయునది, శరీరముతో చేయునది. అంగడికి పోయి ఒక వస్తువును కొనుట ఈ మూడింటిలో దేనికి చెందును? అది కోరికగా మనస్సున పుట్టి, బేరముగా వాక్కున పెరిగి, చేతిసంచిలో ఇంటికి వచ్చును. కనుక మూడింటికిని చెందును. అయినను మనలో పెక్కుమంది కొనుటను కర్మగా ఎంచరు. వెల చెల్లించితిమి, వస్తువు తెచ్చుకొంటిమి, లెక్క తీరినది అనుకొందురు. లెక్క అక్కడ తీరదు. ఆ వస్తువు మన యింటికి రాకమునుపు ఎక్కడనో నేలను, నీటిని, నిప్పును వాడుకొని పుట్టినది. మన చేయి విడిచిన పిమ్మట ఎక్కడికో పోవును. ఈ రెండు ప్రయాణములను చూడనిదే కర్మఫలము బోధపడదు. భగవద్గీత తృతీయాధ్యాయమున వచ్చు యజ్ఞచక్ర ప్రసంగమునకు తాత్పర్యము కూడ ఇట్టిదే. తీసికొన్నవాడు తిరిగి ఈయవలెను. ఈయక అనుభవించువానికి అచ్చట దొంగ అనియే పేరు. ఈ విషయమును మన కోనసీమ కాలువగట్టున నిలిచి పరిశీలింతము.

గౌతమికిని వసిష్ఠకును నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు కలిసిన ఈ భూమి గోదావరి మోసుకొని వచ్చిన ఒండ్రుతో ఏర్పడినది. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన వచ్చిన కాలువలే దీనికి జీవనాడులు. పాత ఆనకట్ట స్థానమున నేడు సర్ ఆర్థర్ కాటన్ పేరిట బరాజు నిలిచియున్నది. గన్నవరము వద్ద వైనతేయ పాయను అక్విడక్టు మీదుగా దాటి కాలువ నీరు ఆవలి రాజోలు ప్రాంతమునకు చేరుచున్నది. తీరగ్రామములలో బావినీరు ఉప్పుగా ఉండుటచే, కాలువ నీటిని చెరువులలో నింపుకొని, వడకట్టుకొని త్రాగుట అక్కడి వాడుక. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుటకు ముందే ఈ చెరువులు నిండవలెను. ఎగువ గ్రామమున కాలువలో విడిచినది దిగువ గ్రామమున బిందెను వెదకికొని పోవుననుట అతిశయోక్తి కాదు.

మరియొక విశేషము కూడ గుర్తింపదగినది. మెట్టప్రాంతములలో ఊరికి దూరముగా ఒక బీడో, గుట్టయో, ఎండిన వాగో ఉండును. చెత్త అక్కడ పడియుండును. అది మంచిది కాకున్నను కంటికి దూరముగానైనను ఉండును. కోనసీమలో గుట్టలు లేవు, బీళ్లు లేవు. ఇంటిపెరడు దాటినచో కొబ్బరితోట, తోట దాటినచో వరిచేను, చేను దాటినచో మురుగుకాలువ. గోయి త్రవ్వినచో కొద్ది అడుగులకే నీరు ఊరును. పారవేయుటకు ‘అవతల’ అను చోటు ఇక్కడ లేదు. అందుచేతనే మన పూర్వుల గృహవ్యవస్థలో పారవేయు వస్తువు దాదాపు లేకుండెను.

కొబ్బరిచెట్టునే చూడుడు. కాయలోని నీరు త్రాగుటకు, కోరు వంటకు, కురిడీ నూనెకు, చిప్ప పొయ్యిలోనికి, పీచు తాటికి, మట్ట దడికి, ఈనె చీపురునకు వచ్చెడిది. పొట్టు ఎరువగుచుండెను. చెట్టు ముసలిదై కూలినచో మ్రాను దూలమై మరల యింటిలోనికే వచ్చెడిది. అంబాజీపేట కొబ్బరి సంతకును, నూనె మిల్లులకును పేరు గడించినది ఈ చెట్టు మూలముననే. నేడు అదే అంబాజీపేట వీధిలో నైలాను తాడు, ప్లాస్టిక్కు చీపురు, ప్లాస్టిక్కు చాప వ్రేలాడుచున్నవి. పీచుతాడు బరువు, త్వరగా చివుకును, నైలాను తాడు చౌక, మన్నిక అని కొనువారు చెప్పుదురు. మన్నిక మాట నిజమే. గేదెకు కట్టిన తాడు తెగిన తరువాత కూడ ఆ మన్నిక పోదు గదా! తెగిన ముక్క చేలో పడి నాగటికి చుట్టుకొనును, కాలువలో పడి తూముకు అడ్డు పడును. పీచుతాడు చివుకుట దాని లోపమని మనము నేర్చుకొంటిమి గాని, అది దాని గుణము. ఇంతకు మించిన నష్టము మరియొకటి గలదు. పీచు తీయుట, తాడు పేనుట ఈ సీమలో ఆడవారికి ఇంటిపట్టున కూలి ఇచ్చు పనులు. మనము కొను ప్రతి నైలాను చుట్టతో ఆ చేతులలోని పని ఒక పూట తగ్గుచున్నది.

కొబ్బరిబోండాము మాట చెప్పనవసరము లేదు. ప్రకృతియే సీలువేసి ఇచ్చిన నీరది. అట్టి నీటిని త్రాగుటకు మనము ప్లాస్టిక్కు గొట్టము నొకదానిని కనిపెట్టితిమి. రెండు నిమిషముల పనికి వచ్చి, వందల యేండ్లు పోని వస్తువు. అంతకన్న వింత ఏమనగా, బోండాములు గుట్టలుగా పోసిన దుకాణము ప్రక్కనే నిలిచి, ఎక్కడినుండియో లారీలో వచ్చిన తీపినీటి సీసాను కొని త్రాగుట మర్యాదగా చెలామణి అగుచున్నది. పెండ్లిచూపులకు వచ్చినవారికి బోండాము ఇచ్చినచో చిన్నతనమట!

ఇక విస్తరి. కోనసీమ అన్నదానమునకు పుట్టినిల్లు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి ‘ఆంధ్రదేశపు అన్నపూర్ణ’ అని కీర్తింపబడిరి. గన్నవరము కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టిరి. ఆ దినములలో ఎందరు భుజించినను భోజనానంతరము మిగులునది ఆకు మాత్రమే. దానిని పశువు తినును, తినగా మిగిలినది పెంటకుప్పలో కుళ్లి మరుసటి యేడు చేనికి బలమగును. వేయిమంది తిన్న చోట మరునాడు జాడ యుండదు. ఇప్పుడు నూరుమంది తిన్న చోట ఆరునెలలైనను జాడ తెలియుచున్నది. మంచినీటి పొట్లములు, గుక్కెడు నీరు పట్టు చిన్న సీసాలు, కాగితపు గ్లాసులు, పెరుగు డబ్బాలు, మీఠాయి చుట్టిన పొరలు.

ఇందులో మిక్కిలి బాధాకరమైనది అరటియాకు రూపమున అచ్చువేసిన కాగితపు విస్తరి. ఆకుపచ్చరంగు, నడుమ ఈనె గీత, అన్నియు ఉన్నవి, ఆకు మాత్రము లేదు. తడి యంటకుండుటకై దానిపై పలుచని ప్లాస్టిక్కు పొర అతికింతురు. ఆ పొర మూలమున అది కాగితముగా కుళ్లదు, ప్లాస్టిక్కుగా కరగించి మరల వాడుటకును రాదు. అన్నపు వాసనకు ఆశపడి పశువు నమిలినచో ఆ పొర దాని పొట్టలో నిలిచిపోవును. ఇట్టి విస్తరిని రావులపాలెము చుట్టుప్రక్కల పెండ్లిండ్లలో చూచుట మరింత విచిత్రము. రావులపాలెము అరటి మార్కెట్టునుండి గెలలు దూర రాష్ట్రములకు లారీలలో పోవును. గెల కోసిన చెట్టు ఆకులు తోటలోనే వాడిపోవును. ఆ తోటను ఆనుకొనియున్న పందిరిలో అరటియాకు బొమ్మపై భోజనము! వంటవారిని అడిగినచో, ఆకు కడుగుటకు, తుడుచుటకు మనుషులు దొరకరందురు. ఈ మాటలో కొంత నిజమున్నది. అయినచో ఆ కూలిని పెండ్లి ఖర్చులో ముందే వ్రాసికొనవలెను. పందిరి దీపములకు, వీడియోకు వ్రాసికొనుటలేదా? అరటియాకు దొరకని చోట మన్యమునుండి వచ్చు అడ్డాకుల విస్తళ్లున్నవి. వాటిని కొన్నచో కొండమీద ఆకు కోయు గిరిజనునకు కూడ నాలుగు రూపాయలు ముట్టును.

విస్తరి ఏదైనను అందులో వదిలిన అన్నము వేరొక లెక్క. కిలో బియ్యము పండుటకు ప్రపంచపు సగటున, వర్షపు నీటితో కలిపి, సుమారు 2,500 లీటర్ల నీరు కావలెనని అంచనా. నీరు నిలిచిన వరిచేలనుండి భూతాపమును పెంచు మీథేను వాయువు వెలువడుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తిన్న అన్నమునకు ఈ వ్యయము తప్పదు. వదిలిన అన్నమునకు ఏమి సమాధానము? సంక్రాంతికి వచ్చిన అల్లునికి వందల రకములు వడ్డించుట ఈ మధ్య గోదావరి జిల్లాలలో ఒక పోటీగా మారినది. 2022లో వసిష్ఠ కావలిగట్టున నరసాపురములో 365 రకములు వడ్డించిన వార్త దేశమంతయు చదివినది. మర్యాదకు పేరుపడిన నేల గనుక ముచ్చటపడుదము. కాని ఒక మనుష్యుని కడుపు ఎంత యుండునో సీతమ్మగారికి తెలిసినంతగా మనకు తెలియదనిపించును.

ప్రభుత్వము ఊరకొనలేదు. 2022 జూలై 1వ తేదీనుండి ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు, మీఠాయి పెట్టెలపైని, ఆహ్వానపత్రికలపైని చుట్టు పొరలు, అలంకరణకు వాడు థర్మోకోలు దేశమంతట నిషేధింపబడినవి. అదే యేడు డిసెంబరు 31నుండి 120 మైక్రానులకు తక్కువ దళసరి గల చేసంచులు కూడదన్నారు. దళసరి నియమమెందుకని కొందరు అడుగుదురు. పలుచని సంచి గాలికి ఎగిరి కాలువలో పడును; ఏరువానికి దానిని ఏరిన కూలి గిట్టదు. దళసరి సంచిని జనులు దాచుకొందురు, ఏరువానికిని తూకము వచ్చును. యోచన మంచిదే. కాని చట్టము అంగడివానిని చూచునే గాని, సంచి లేకుండ ఉత్తచేతులతో అంగడికి పోవు మనలను చూడదు. ‘సంచి ఈయనిచో ప్రక్క దుకాణమునకు పోదును’ అను మనుష్యుడున్నంత కాలము పలుచని సంచి బల్లక్రింద ఉండనే యుండును. 2019లో ప్రపంచము వాడిన ప్లాస్టిక్కు 46 కోట్ల టన్నులని, చెత్తగా మారినదానిలో నూటికి 9 పాళ్లు మాత్రమే మరల వాడుకలోనికి వచ్చినదని లెక్కలు తేల్చినవి. ‘కరగించి మరల చేయుదురులే’ అను ఊరట ఎంత బలహీనమో దీనివలన తెలియును.

ఇక్కడ గుడ్డసంచిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఇటీవల శుభకార్యములలో పేర్లు అచ్చొత్తించి గుడ్డసంచులు పంచుట పుణ్యకార్యముగా ప్రబలినది. ప్రత్తి పండించుటకు నీరు, ఎరువు, పురుగుమందు కావలెను. నూలు, నేత, రంగు వేరు. డెన్మార్కు దేశపు పర్యావరణ సంస్థ 2018లో లెక్కకట్టగా, వాతావరణ తాపము దృష్టితో చూచినచో ఒక ప్రత్తిసంచిని 52 మారులైనను వాడినగాని అది పలుచని ప్లాస్టిక్కు సంచికన్న మేలు కాదని తేలినది. ఏడాదికి ఆరు పెండ్లిండ్లలో ఆరు సంచులు తెచ్చి అటకపై దాచినచో ఫలము శూన్యము. అమ్మమ్మ పాత చీరతో కుట్టిన సంచి ఈ లెక్కకు అందదు. దానికి కొత్తగా ఒక్క ప్రత్తిచెట్టును నాటలేదు. బండారులంక నేతచీర కట్టి చివికినపిమ్మట ముందు బొంతయై, తరువాత సంచియై, కడకు మసిగుడ్డయై మట్టిలో కలియుట మన యిండ్లలో నిన్నమొన్నటి మాటయే. నేటి పాలిస్టరు చీర చివుకదు సరికదా, ఉతికినప్పుడెల్ల కంటికి కానరాని నూలుపోగులను నీటిలోనికి విడుచును. అవియు ప్లాస్టిక్కే.

ఉతుకుట అనగానే కాలువరేవు గుర్తుకు వచ్చును. బట్టల పొడులలోని ఫాస్ఫేటులు, పొలములనుండి జారిన ఎరువులు, ఇండ్ల మురుగు, ఇవి మూడును నీటిమొక్కలకు ఆహారములు. గుఱ్ఱపుడెక్క ఊదారంగు పూలతో కాలువను కప్పివేయుచున్నది అందువలననే. దాని వేళ్లకు ప్లాస్టిక్కు సంచులు చిక్కుకొని చాపవలె అల్లుకొనును. ఆ చాప వంతెనల క్రింద పట్టుకొనినచో పంటకాలువలో శివారుకు నీరందదు, మురుగుకాలువలో చేలనీరు దిగదు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిన సంగతి దేశమంతయు ఎరుగును. 2022లో మరల ఆ మాట వినవచ్చినది. గిట్టుబాటు ధర లేకపోవుట, పెట్టుబడి పెరుగుట మొదలైనవి ముఖ్యకారణములు. వాటితోపాటు పూడిపోయిన మురుగుకాలువల మూలమున చేలు మునుగుట కూడ రైతులు చెప్పిన బాధయే. పూడిక తీయించుట ప్రభుత్వపు పని, అందు సందేహము లేదు. పూడికలో సగము ఎవరి అంగడిసంచినుండి వచ్చినదో ప్రశ్నించుకొనుట మాత్రము మన పని.

కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభలతీర్థమును చూడనివారు ఈ సీమలో అరుదు. ఏకాదశరుద్రులు వెదురు ప్రభలపై వేంచేయుదురు. గంగలకుర్రు ప్రభలను మోయువారు పచ్చని చేలను త్రొక్కుచు, కౌశికను నడుములోతు నీటిలో దాటించి తెత్తురు. పైరు నలిగినందుకు రైతు నొచ్చుకొనడు, భాగ్యమని మురియును. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రశకటము ఈ తీర్థమునే చూపినది. ప్రభ మొత్తము వెదురు, త్రాళ్లు, గుడ్డలు, రంగుకాగితములు. విప్పినచో అన్నియు మరల పనికివచ్చును. ఆ వెదురు ప్రభను చూడవచ్చిన మనము మాత్రము ఆ చేలలో ఏమి విడిచి వచ్చుచున్నాము? నలిగిన పైరు నాలుగుదినములకు లేచును. మట్టిలో దిగిన టీ గ్లాసు దమ్ముచేయునప్పుడు రైతుకాలికి తగులును.

ఒక్క రూపాయి షాంపూపొట్లము సంగతి వేరుగా చెప్పవలెను. అది రెండు మూడు విధముల పొరలను అతికించి చేసినది గనుక విడదీసి కరగించుట కుదరదు; తూకము లేదు గనుక ఏరువాడు ఏరడు. దానిని కొనువారిలో పేదవారే ఎక్కువ. నూరురూపాయల సీసా ఒక్కమారు కొనలేక రూపాయి పొట్లము కొను కూలితల్లిని నిందించుట అధర్మము. ఇట్టి పొట్లములను తిరిగి సేకరించు బాధ్యత చేసినవారిదేనని 2016 నిబంధనలు చెప్పినవి. 2022లో అది మరింత వివరముగా శాసింపబడినది. ఆ బాధ్యత మన పల్లెవరకు వచ్చుట ఎన్నడో! ఈలోగా కుంకుడుకాయ కొనగలవారు, సీసా కొనగలవారు కూడ పొట్లమునే కొనుటకు కారణము లేదు. ఇక పోగైన పొట్లములను భోగిమంటలో వేయుట మహాదోషము. భోగికి పిడకల దండలు, ఎండుమట్టలు వేయవలెనని ఆచారము. టైర్లు, ప్లాస్టిక్కు వేసి, విషవాయువులు పసిపిల్లల ఊపిరిలోనికి పంపుట ఏ ఆచారము?

అట్లని పాతవన్నియు మంచివి, కొత్తవన్నియు చెడ్డవి అనుట ఈ వ్యాసకర్త అభిప్రాయము కాదు. తడికట్టెల పొగలో మన తల్లులు కండ్లు పోగొట్టుకొనిరి. గ్యాసుపొయ్యి వారికి వరమే. కాని ఆ వాయువు ఎక్కడిది? ఈ నేల క్రిందిదే. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకొని రెండునెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరము గ్రామములో గొట్టము పేలి ఇరువదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. మన పొయ్యిలో నీలిమంట శుభ్రముగానే కనబడును. దాని వెల కొంత పొరుగూరు చెల్లించినది. ఉడికిన పప్పుక్రింద ఊరక మంట వదలకుండుటకు ఈ జ్ఞాపకము చాలును.

మన కొనుగోలు పొరుగూరిని తాకినట్లే, దూరదేశమువాని కొనుగోలు మనలను తాకుచున్నది. వనామి రొయ్యకు మన దేశమున 2009లో అనుమతి లభించినది మొదలు, అమెరికా భోజనశాలల కోరికమేరకు కోనసీమ తీరమండలములలో వరిచేలు చెరువులైనవి. లాభము వచ్చినవారున్నారు, దానిని కాదనరాదు. అయితే చెరువులోని ఉప్పు గట్టుదాటి ప్రక్కచేనిలోనికి, బావిలోనికి ఊరినచోట కొబ్బరి సహితము దిగులుపడుచున్నది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమునందలి రొయ్యల చెరువులను తొలగింపుమని తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి అనుమతితో సాగు చేసికొను వీలు కల్పించెను. ఎక్కడో పళ్లెములో రొయ్య కొరుకువానికి ఉప్పుదేలిన మన బావిని గూర్చి తెలియదు. మనము విడిచిన సంచిని గూర్చి అంతర్వేది తాబేలుకు తెలియనట్లే.

తాబేలు ప్రసంగము వచ్చినది గనుక ఆ ముక్కయు చెప్పుదును. వసిష్ఠ సముద్రమున కలియుచోట, లక్ష్మీనరసింహస్వామి వెలసిన అంతర్వేది తీరమున, జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. స్వామి కల్యాణతీర్థమునకు యాత్రికులు వేలుగా చేరునదియు ఆ మాఘమాసముననే. సముద్రపు తాబేలు జెల్లిచేపను తినును. నీటిలో తేలు తెల్లని సంచి జెల్లిచేపవలె కనబడును. కూర్మావతారమునకు మ్రొక్కి, నీటిసీసాను, సంచిని ఇసుకలో విడిచి తిరిగివచ్చువారున్నారు. తిరుమలలో ప్లాస్టిక్కు నీటిసీసాలను మాన్పించి గాజుసీసాలను వాడించుచున్నారు. మన తీర్థములకు మరచెంబు తెచ్చుకొనుట కష్టమేమీ కాదు.

2027లో గోదావరి పుష్కరములు వచ్చుచున్నవి. అంతకుముందు ఏటేట వచ్చు కార్తీకమాసము ఉండనే యున్నది. ముత్తైదువలు తెల్లవారుజామున అరటిదొప్పలో వత్తి వెలిగించి నీట విడుచుట ఈ తీరపు సంప్రదాయము. రేవులలో ఇప్పుడు దొప్పల ప్రక్కనే థర్మోకోలు పళ్లెములలో దీపములు అమ్ముచున్నారు. అలకు ఆరవని, మునగవని వాటికి గిరాకి. అరటిదొప్ప కొంతదూరము పోయి, నీరు పీల్చి, మునిగి, చేపలకును పురుగులకును ఆహారమై ఒండ్రులో కలియును. థర్మోకోలు పళ్లెము నూనెమరకతో దిగువకు కొట్టుకొనిపోయి, ఏ లంకలోనో రెల్లుదుబ్బుల నడుమ చిక్కుకొని, పై యేటి కార్తీకమునాటికి కూడ తెల్లగా అక్కడనే ఉండును.